ధ్వని ఆవర్తము – బతుకమ్మ పాటకు జవాబు నిలుపుకొను విధము

సంగీతమునందు ఒక కాలప్రమాణము పూర్తియై, మరల మొదటి దెబ్బకు వచ్చి చేరుటకు ఆవర్తమని పేరు. ఆదితాళమున ఎనిమిది అక్షరకాలములు గడచినంతనే ఒక ఆవర్తము ముగియును; తొమ్మిదవ దెబ్బ రెండవ ఆవర్తమునకు మొదటిదగును. నేడు కంప్యూటరులలోను ఫోనులలోను పాటలు కూర్చువారు "లూపు" అని పిలుచునది దీనికి దగ్గరి చుట్టమే. రికార్డు చేసిన ధ్వనిలో ఒక భాగమును కోసి, దాని తుదిని మొదటికి కలిపి, ఎన్నిమారులు తిరిగినను అతుకు తెలియకుండ వినిపించునట్లు చేసినచో అది లూపగును.

మన విద్యార్థులలో పలువురు దీనిని ఫోనులలో ఒక వినోదముగా ఎరుగుదురు. కాని ఈ చిన్న పనిలో గణితశాస్త్రమున్నది, భౌతికశాస్త్రమున్నది, తెలుగు తరగతిలో మనము చదువుకొను ఛందస్సును ఉన్నది. ఈ పాఠమున దానిని మొదటినుండి వివరింతును. ఉదాహరణమునకు మన వాడలలో వినవచ్చు బతుకమ్మ పాటను తీసికొందము; ఏలయన ఈ విద్యతో ఆ పాటకు నేడు నిజమైన అవసరము కలిగినది. ఆ అవసరమేమియో ముందు తెలియును.

1. మగ్గము చెప్పు పాఠము

వర్లియందును కామాటిపురయందును ఉన్న మన కుటుంబములలో పెక్కింటికి కట్టడపు పనితోనో, మగ్గముతోనో, మిల్లుతోనో సంబంధము గలదు. కామాటిపురకు ఆ పేరు తెలుగునాటినుండి కూలిపనులకై వచ్చిన కామాటీల వలన కలిగినది. 1854లో కావస్‌జీ దావర్ బొంబాయి తొలి నూలుమిల్లునకు కంపెనీ స్థాపించిన పిమ్మట, ఒకటొకటిగా వెలసిన మిల్లులలో పద్మశాలీలు ఎందరో చేరిరి. 1982 జనవరి 18న ఆరంభమైన గొప్ప సమ్మె తరువాత ఆ మిల్లులు క్రమముగా మూతపడినవి. అయినను మగ్గపుపని ఎరిగిన పెద్దలు ఇంకను మన యిండ్లలో నున్నారు. లూపన నేమియో వారినడిగిన, జాకార్డు మగ్గమును తలచుకొని చక్కగా చెప్పగలరు.

ఫ్రాన్సు దేశీయుడైన జాకార్డు ఈ సాధనమును 1804 ప్రాంతమున రూపొందించెను. చీర అంచున పువ్వు నేయుటకు రంధ్రములు గల అట్టలను వరుసగా దారముతో కుట్టుదురు. నాడె ఒక పేక పోగును విడిచినప్పుడెల్ల ఒక అట్ట తిరుగును. ఏ రంధ్రమున్నచోట ఏ పడుగు పోగు లేవవలెనో ఆ అట్టయే నిర్ణయించును. అట్టలన్నియు తిరుగుసరికి ఒక పువ్వు పూర్తియగును. చివరి అట్టను మొదటి అట్టకు కలిపి కుట్టియుండుటచేత, మరల అదే పువ్వు ఆరంభమగును. నూరు పువ్వులకైనను అట్టలు అవియే.

ఇందు రెండు విషయములు గమనింపదగినవి. ఒక అట్ట తక్కువైనచో పువ్వు రేకు తెగును. ఒక అట్ట ఎక్కువైనచో పువ్వు సాగును. అట్లే చివరి అట్టకును మొదటి అట్టకును పొందిక కుదరనిచో ప్రతి పువ్వు దగ్గరను ఒక గీత కనబడును. ధ్వనిలో లూపు చేయువాడు ఈ రెండు దోషములనే తప్పించుకొనవలెను. మొదటిది కొలతకు సంబంధించినది, రెండవది అతుకునకు సంబంధించినది.

2. ఈ విద్య యొక్క పుట్టుక

అరిగిన గ్రామఫోను రికార్డులో సూది ఒకేచోట చిక్కుకొని అదే మాటను మరల మరల పలుకుట పెద్దలు ఎరుగుదురు. చెప్పినదే చెప్పువానిని "అరిగిన రికార్డు" అని ఎగతాళి చేయుటయు దానివలననే వచ్చినది. ఆ లోపమునే ఒక సాధనముగా చేసికొన్నవాడు పారిస్ రేడియోలో పనిచేసిన పియెర్ షేఫర్. ఆయన రికార్డుపై గాడిని కావలెననియే వలయముగా మూసి, ఒక చిన్న ధ్వని ఎడతెగక తిరుగునట్లు చేసెను. రైలుబండ్ల చప్పుళ్లతో ఆయన కూర్చిన రచన మొదలైనవి 1948 అక్టోబరు 5న ఫ్రెంచి రేడియోలో ప్రసారమైనవి. లోకలు రైళ్ల చప్పుడు నడుమ పెరిగిన ముంబయి పిల్లలకు ఆ ఆలోచన వింతగా తోపదు.

తరువాత అయస్కాంతపు టేపు వచ్చినది. కావలసిన టేపుముక్కను బ్లేడుతో కోసి, రెండు కొనలను జిగురుపట్టీతో అంటించి, యంత్రముపై ఉంగరమువలె తిప్పెడివారు. లూపు అను పేరు ఆ ఉంగరమును బట్టి వచ్చినదే. 1965లో అమెరికా స్వరకర్త స్టీవ్ రైక్, ఒకే మాట గల రెండు టేపు ఉంగరములను ఒకేసారి నడిపి, అవి మెల్లమెల్లగా ఒకదానినుండి మరియొకటి జరిగిపోవుటనే సంగీతముగా మలచెను. ఆ జరుగుటను మనము ముందు లెక్కించి చూతము.

టేపు పని నేడు సాఫ్టువేరునకు వచ్చినది. 1998లో యాసిడ్ అను సాఫ్టువేరు, లూపుల వేగములను తానే సరిపెట్టుటకు పేరుపొందెను. 2001లో ఏబుల్‌టన్ లైవ్, 2004లో గరాజ్‌బ్యాండ్ వచ్చినవి. 2000లో మొదట విడుదలైన ఆడాసిటీ అనునది ఎవ్వరైనను ఉచితముగా తెచ్చుకొని వాడుకొనదగినది. కావున ఈ పాఠమున దానినే ఆధారముగా గైకొందము.

3. మనకిది యేల?

బతుకమ్మ పండుగ భాద్రపద అమావాస్యనాడు మొదలై తొమ్మిది దినములు సాగును. పూలను వలయములుగా పేర్చి నడుమ నుంచి, స్త్రీలు చుట్టును తిరుగుచు చప్పట్లు చరచుచు పాడుదురు. ఒకతె చరణమెత్తును, తక్కినవారు జవాబు చెప్పుదురు. ఆ జవాబు నడచుచుండు కొలది క్షణములలోనే ముందున్నామె తరువాతి చరణమును జ్ఞప్తికి తెచ్చుకొనును. జవాబు చెప్పువారు లేనిచో పాడునామెకు ఊపిరియు చాలదు, చరణమును దొరకదు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఈ పండుగను రాష్ట్రపు పండుగగా ప్రకటించినది; పాటనెత్తుట మాత్రము నేటికిని గుంపులో నిలిచి నేర్చుకొనవలసినదే.

చాళ్లలో ఆ గుంపు సులభముగా దొరకెడిది. ఒక వసారా, దానిమీదికి తెరచుకొను గదులు, క్రింద ఖాళీస్థలము – పాటకు ఇంతకన్న ఏమి వలయును? ఒక గదిలో ఎత్తిన పాటకు నాలుగు గదుల నుండి జవాబు వచ్చెడిది. నేడు మన కండ్లయెదుటనే ఈ ఏర్పాటు మారుచున్నది. 1920 దశకమున కట్టిన వర్లి బి.డి.డి. చాళ్లు 121. వానిలో ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. వానిని పడగొట్టి ఎత్తయిన భవనములు కట్టుచున్నారు. 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబములకు 500 చదరపు అడుగుల క్రొత్త యిండ్ల తాళములు అందినవి. ఇరుకు గది పోయి మంచి యిల్లు వచ్చుట మేలే. దానికి సంతసింపనివారు లేరు. కాని మూసిన తలుపుల వెనుక, ఇరువదవ అంతస్తులో, ఒక అవ్వయు ఒక మనుమరాలును పాట నేర్చుకొనవలెనన్నచో జవాబు చెప్పువారెవరు?

లూపు ఇచ్చట అక్కరకు వచ్చును. చప్పట్లను, జవాబును లూపుగా చేసి, చరణమునకు చోటు విడిచినచో, ఒంటరిగా కూర్చున్న బాలిక తాను చరణమెత్తి పాడుకొనవచ్చును. ప్రతిమారు జవాబు వేళకు వచ్చి అందుకొనును. ఈ పాఠమంతయు అట్టి ఒక్క లూపును సిద్ధము చేయుటకే.

4. ధ్వని అంకెలగుట

గాలిలో కలుగు కదలికయే ధ్వని. మైకు ఆ కదలికను విద్యుత్తుగా మార్చును. యంత్రము ఆ విద్యుత్తు ఎంత పెరిగెనో, ఎంత తగ్గెనో ఒక సెకనులో వేలమారులు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. సీడీలలో వాడు పద్ధతి ప్రకారము ఈ కొలతలు సెకనునకు 44,100. ఒక్కొక్క కొలతను 65,536 మెట్లలో ఏదో యొక మెట్టుగా వ్రాయుదురు. కొలతల సంఖ్యలో సగమువరకు గల కంపనములు, అనగా సెకనునకు 22,050 వరకు, ఈ అంకెలలో నిలుచును. మానవుని చెవి వినగల మేర సుమారు 20,000 గనుక ఇది చాలును.

ఆడాసిటీలో ఫైలు తెరచినచో ఈ అంకెలే ఒక అలగా కనబడును. నడుమ నున్న అడ్డుగీత సున్న. అల దానిపైకి లేచుచు క్రిందికి దిగుచు నుండును. చప్పట్లు నిటారుగా లేచి వెంటనే సన్నబడు ముండ్లవలె నుండును; పాడిన అచ్చులు నిండైన దిండ్లవలె నుండును. కొంత అలవాటైన పిమ్మట కంటితోనే పాటను చదువవచ్చును.

5. రికార్డు చేయుట

లూపు మంచిదగుట రికార్డును బట్టియే యుండును. ఈ నియమములు పాటింపుడు.

మొదటిది: ఫ్యాను ఆపుడు. ఫ్యాను హోరు లూపులో ఎడతెగక తిరిగి చెవికి వెగటు కలిగించును. కుళాయి వచ్చు వేళయు కుక్కరు కూత వేళయు విడువుడు.

రెండవది: ఫోనును చేత పట్టుకొనక, మెత్తని గుడ్డపై నిలిపి, పాడువారికి మూరెడు, రెండు మూరల దూరమున నుంచుడు. పండుగనాటి గుంపులో చేసిన రికార్డు జ్ఞాపకమునకు బాగుండును గాని లూపునకు పనికిరాదు.

మూడవది: మొదట పాటనంతయు, చరణములతో సహా, ఆపకుండ రికార్డు చేయుడు. ఇదియే మూలము. దీనిని ఎన్నడును కోయరాదు.

నాలుగవది: పిమ్మట వేరుగా మరియొక రికార్డు చేయుడు. ఇందు నలుగురైదుగురు స్త్రీలు చప్పట్లు చరచుచు జవాబు మాత్రమే చెప్పవలెను. చరణమెత్తునామె పెదవులు కదపుచు, పైకి వినబడకుండ మనసులో పాడుకొని, చేయి చూపి జవాబునకు సైగ చేయవలెను. అప్పుడు చరణము చోట చప్పట్లు మాత్రమే నిలుచును; జవాబు తన వేళకు వచ్చును. తరువాత చరణమును తొలగింపవలసిన శ్రమ చాలవరకు తప్పును.

ఐదవది: ఫైలును వీలైనంతవరకు వేవ్ రూపమున భద్రపరపుడు. ఎంపీ-త్రీ రూపమున ఫైలు మొదటను తుదిని కొంచెము నిశ్శబ్దము చేరును. వినుటకు అది తెలియకపోయినను, లూపు తిరిగినప్పుడెల్ల ఒక చిన్న తొట్రుపాటుగా బయటపడును.

6. కొలత

ఇప్పుడు ఆవర్తమెంతయో కనుగొనవలెను. మన పాటలో చరణమునకు 4 చప్పట్లు, జవాబునకు 4 చప్పట్లు, వెరసి 8 చప్పట్లు ఒక ఆవర్తమనుకొందము. నిమిషమునకు 75 చప్పట్లు పడుచున్నవనుకొందము. అప్పుడు –

ఒక చప్పటికి: 60 ÷ 75 = 0.8 సెకను.
ఆవర్తమునకు: 0.8 × 8 = 6.4 సెకనులు.
అంకెలలో: 6.4 × 44,100 = 2,82,240 కొలతలు.

మనుష్యులు యంత్రములు గారు గనుక ఒక ఆవర్తము 6.37 సెకనులును, మరియొకటి 6.42 సెకనులును ఉండవచ్చును. కావున ఒక్క ఆవర్తమును కొలిచి నిర్ణయింపరాదు. నాలుగు ఆవర్తములకు పట్టిన కాలమును కొలిచి నాలుగింట భాగింపుడు. 25.6 సెకనులు వచ్చినచో సగటు 6.4 సరియైనదని తెలియును.

ఇంత సూక్ష్మమేల యని అడుగవచ్చును. చప్పట్ల లూపు 6.40 సెకనులుగాను, జవాబు లూపు 6.38 సెకనులుగాను కోసితిమనుకొనుడు. తేడా 0.02 సెకను మాత్రమే. మొదటిమారు ఏ చెవికిని పట్టుపడదు. కాని 40 ఆవర్తములు తిరుగుసరికి ఆ తేడా 0.8 సెకను, అనగా సరిగా ఒక చప్పటి అంత అగును. నాలుగు నిమిషములు దాటగనే జవాబు ఒక చప్పటి ముందే వచ్చి పడును. రైక్ కోరి చేసినది ఇదియే. మనము కోరనిదియు ఇదియే.

కొలతకు ముందు పాట నడకను గుర్తింపవలెను. ఇచ్చట మన ఛందస్సు తోడ్పడును. హ్రస్వము ఒక మాత్ర, దీర్ఘము రెండు మాత్రలని మీరు చదివితిరి. గురజాడ అప్పారావుగారు 1910లో వెలయించిన ముత్యాలసరములలో మొదటి మూడు పాదములు 14 మాత్రల చొప్పున, మూడు–నాలుగు, మూడు–నాలుగుగా నడచును. ఏడు మాత్రల ఈ నడకను సంగీతమున మిశ్రగతి యందురు. నాలుగు చతురశ్రము, మూడు త్ర్యశ్రము, ఐదు ఖండము, తొమ్మిది సంకీర్ణము. జానపదుల పాటలలో వీనిలో పెక్కు గతులు వినబడును.

లూపు సాఫ్టువేరులు సామాన్యముగా ప్రతి భాగమునకు నాలుగు దెబ్బలని తామే అనుకొని గీతలు గీయును. ఏడు మాత్రల పాటను ఆ గీతల ప్రకారము కోసినచో పాట కుంటును. నేర్పరితనము చాలదని పిల్లలు తమనే నిందించుకొందురు; నిజమునకు తప్పు గీతలది. అట్టి పాటకు దెబ్బల సంఖ్యను ఏడుగా మార్చవలెను, లేదా గీతలను పట్టించుకొనక చెవినే నమ్మవలెను. కోయుటకు ముందు పాటను నోట పలుకుచు మాత్రలు లెక్కించి, వ్రేళ్లతో తాళము వేసి చూచుకొనుడు. తెలుగు పద్యమునకు గణవిభజన చేయగల విద్యార్థికి ఈ పని కష్టము కాదు.

7. కోత, అతుకు

ఆవర్తపు నిడివి తెలిసిన పిమ్మట ఎచ్చట కోయవలెనో చూడవలెను.

పాట మొదటి ఆవర్తమును తీసికొనకుడు. దానికొక కారణము గలదు. ప్రతి చప్పటికిని గదిలో కొంచెము మ్రోత మిగులును. మూడవ ఆవర్తము ఆరంభించునప్పుడు రెండవ ఆవర్తపు మ్రోత దానిక్రింద సన్నగా వినబడుచుండును. మొదటి ఆవర్తమునకు ముందు ఏమియు లేదు గనుక అది నిశ్శబ్దమునుండి లేచును. దానిని లూపు చేసినచో తుది మ్రోత ప్రతిమారు తటాలున తెగినట్లగును. మూడవదియో నాలుగవదియో తీసికొనినచో మ్రోత మ్రోతలో కలిసిపోవును.

కోత చప్పటికి ఒక వెంట్రుకవాసి ముందు పడవలెను. చప్పటి నడుమ కోసిన దాని పదును పోవును. పాడువారు ఒక అచ్చును సాగదీసి తరువాతి ఆవర్తములోనికి లాగుచున్నచోట కోయరాదు. ఊపిరి పీల్చుకొను సందు వెదకుడు. అట్టి సందు లేనిచో రెండు ఆవర్తములను కలిపి ఒకే లూపుగా తీసికొనుట మంచిది.

ఇక "టక్కు" మను చప్పుడు. అల సున్నగీతకు పైన ఎత్తుగా నున్నప్పుడు తుదిని కోసి, సున్నకు క్రింద నున్నచోట మొదలు పెట్టితిమనుకొనుడు. లూపు తిరిగినప్పుడు అల ఒక్క కొలతలో పైనుండి క్రిందికి దూకును. ఆ దూకుడే చెవికి టక్కుమని వినబడును. రెండు కోతలును అల సున్నగీతను దాటుచోట నున్నచో ఈ దోషము చాలవరకు పోవును. ఆడాసిటీలో భాగమును ఎంచుకొని జెడ్ మీట నొక్కినచో ఎంపిక కొనలు సమీపమున నున్న సున్నదాటులకు జరుగును. జరిగిన పిమ్మట నిడివిని మరల చూచుకొనుట మరువకుడు.

అప్పటికిని టక్కు మిగిలినచో తుది పది మిల్లీసెకనులను మెల్లగా తగ్గించి, మొదటి పది మిల్లీసెకనులను మెల్లగా పెంచుడు. పది మిల్లీసెకనులనగా 441 కొలతలు. కోత చప్పటికి ముందున్న నెమ్మది స్థలమున పడినచో ఈ తగ్గింపు ఎవ్వరికిని తెలియదు. పిమ్మట లూపుగా వినిపించు సదుపాయముతో పదిమారులు కండ్లు మూసికొని వినుడు. అతుకు ఎచ్చటనో చెప్పలేకపోయినచో కోత కుదిరినట్లే.

8. చప్పట్లు, జవాబు, చరణమునకు చోటు

ఇప్పుడు రెండు వరుసలు సిద్ధపరుపవలెను. మొదటి వరుసలో చప్పట్లు మాత్రమే. దీనికై చప్పట్లను వేరుగా ఒకమారు రికార్డు చేసినచో మంచిది. రెండవ వరుసలో జవాబు. జవాబు వరుసలో మొదటి 3.2 సెకనులు చరణమునకు విడువవలసిన చోటు. అచ్చట ఎవరి గొంతైనను చొరబడియున్నచో ఆ భాగమును చెరిపివేయకుడు. చెరిపినచో నిడివి తగ్గి జవాబు ముందుకు జరుగును. భాగమును ఎంచుకొని "సైలెన్స్ ఆడియో" అను ఆజ్ఞ ఇచ్చినచో నిడివి మారక నిశ్శబ్దము మాత్రము నిలుచును. పెరికిన పూవుచోట పళ్లెములో ఖాళీ విడిచినట్లు ఆ చోటు పాడు బాలికకై ఖాళీగా నుండును.

రెండు వరుసలును సరిగా 6.4 సెకనులున్నవో లేవో చూచి, రెండింటిని కలిపి ఎంచుకొని, "రిపీట్" అను ఆజ్ఞ ఇచ్చుడు. ఇంకెన్నిమారులని అది అడుగును. 39 అని వ్రాసినచో మొదటిదానితో కలిపి 40 ఆవర్తములగును. వినుటకు 4 నిమిషముల 16 సెకనులు పట్టును.

ఒక సూచన. ఒక్క ఆవర్తమునే నలుబదిమారులు తిప్పినచో చెవి త్వరలో విసుగును. నాలుగు వేర్వేరు ఆవర్తములను వరుసగా తీసికొని 25.6 సెకనుల లూపు చేసినచో ఒకమారు ఒక గొంతు పైకి వచ్చును, ఒకమారు గాజుల సవ్వడి వినబడును. గుంపు సజీవముగా నున్నట్లు తోచును.

వేగము మార్చవలసి వచ్చినచో జాగ్రత్త. టేపును రెండింతల వేగముతో తిప్పినచో కాలము సగమగును, స్వరమును ఒక స్థాయి పైకి పోవును. అవ్వ గొంతు చిలుక గొంతగును. ఆడాసిటీలో "చేంజ్ టెంపో" అను ఆజ్ఞ స్వరము మారకుండ వేగమును మాత్రమే మార్చును. నేర్చుకొనువారికై వేగమును కొంచెము తగ్గించుట మంచిదే. మరీ ఎక్కువగా సాగదీసినచో చప్పటి పదును పోయి గొంతు వణకినట్లు వినబడును.

9. లూపు చేయలేనిది

ఇంతవరకు లూపు గుణములు చెప్పితిని. దాని హద్దులను చెప్పకున్న పాఠము పూర్తి కాదు.

లూపు ఎదురుచూడదు. చరణము మరచిన బాలిక ఒక క్షణము తడబడినచో నిజమైన గుంపు చప్పట్లు చరచుచు ఆగును, ప్రక్కనున్న ముసలామె చరణపు మొదటి మాట అందించును. లూపు ఆ పని చేయదు. ఆట ముదిరినకొద్ది వలయము వేగమందుకొనుట సహజము. లూపు మొదటి వేగముననే యుండును. కావున అది అభ్యాసమునకు తోడుగా మాత్రమే పనికివచ్చును. పండుగనాడు పెద్ద పెట్టెలలో లూపును మ్రోగించి స్త్రీలు ఊరక తిరుగునట్లు చేసినచో, ఏ జవాబును కాపాడుటకై దీనిని చేసితిమో ఆ జవాబునే నోటినుండి తీసివేసినవారమగుదుము.

రెండవ హద్దు ఇంకను ముఖ్యమైనది. పాటలో తిరిగివచ్చునది కొంత, తిరిగిరానిది చాల. చరణములలో కథ గలదు: అత్తింటికి పోవు ఆడుబిడ్డ, చెరువు కట్ట, కరువు, పుట్టిల్లు. ఒక్కొక్క చరణము ఒక్కమారే వచ్చును. వానిని లూపు చేయలేము, నేర్చుకొనవలెను. బిరుదురాజు రామరాజుగారి "తెలుగు జానపద గేయ సాహిత్యము" వంటి గ్రంథములు ఇట్టి పాటల మాటలను, వాని విలువను మనకు చూపినవి. పుస్తకము మాటను నిలుపును, రికార్డు గొంతును నిలుపును. లూపు జవాబును నిలుపును. మూడింటికిని పని గలదు. ఒకటి మరియొకదాని పని చేయజాలదు. చరణములను నోట్‌పుస్తకమున వ్రాసికొనని విద్యార్థికి లూపు ఉన్నను ప్రయోజనము లేదు.

10. అనుమతి, మర్యాద

పాట ఎవరి నోటినుండి వచ్చినదో వారి అనుమతి ముందు తీసికొనవలెను. ఇంటిలో వాడు భాషలోనే అడుగుడు.

"అవ్వా, నీ పాట ఫోనుల పట్టుకుంట. చప్పట్లు, జవాబు మళ్ల మళ్ల వచ్చేటట్టు చేస్త. చెయ్యొచ్చునా?"

"చేస్కో బిడ్డా. గాని పాట నడుమ తెంపకు. నువ్వు నేర్చుకునేటందుకే గద?"

ఇట్టి ప్రశ్న అవ్వ అడిగినచో దానికి నిజమైన సమాధానమిచ్చుడు. నేర్చుకొనుటకని చెప్పి తీసికొన్న గొంతును ఆమెకు తెలియకుండ నలుగురిలో వేయుట తగదు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణ ప్రదర్శకులకు ప్రత్యేకమైన హక్కులు కల్పించినది. అయినను చట్టమునకు ముందు మర్యాద గలదు.

ప్రతి రికార్డునకు ఒక చీటీ వ్రాయుడు: పాడినవారి పేరు, వారి ఊరు, ఎవరివద్ద నేర్చిరి, రికార్డు చేసిన తేది, చోటు. మూలమును రెండుచోట్ల భద్రపరపుడు. పది నిమిషముల పాట వేవ్ రూపమున, ఒక మైకుతో, సుమారు 53 మెగాబైట్లగును. నేటి ఫోనులకు అది భారము గాదు. లూపులు పోయినచో మరల చేసికొనవచ్చును. మూలము పోయినచో, పాడినవారు గతించినచో, చేయగలది లేదు.

11. తలిదండ్రులకు

ముంబయి నగరపాలక సంస్థ ఎనిమిది భాషలలో పాఠశాలలు నడుపుచున్నది. వానిలో తెలుగు ఒకటి. బడిలో మేము అక్షరములు, ఛందస్సు, వ్యాకరణము నేర్పగలము. పాట మాత్రము ఇంటిలోనే యున్నది. మీరు ఇల్లు మారుచున్న దినములలో పెట్టెలు సర్దుటకు ముందు ఒక సాయంకాలమును పాటకై విడువుడు. ఇరుగుపొరుగు స్త్రీలు విడిపోకమునుపే నలుగురిని పిలిచి జవాబు చెప్పింపుడు. ఆ నలుగురు మరల ఒకే వసారాలో చేరుదురో లేదో ఎవ్వరు చెప్పగలరు? ఫోనుతో పిల్లలు కాలము వ్యర్థపరచుచున్నారను మాట తరచుగా వినుచున్నాము. ఆ ఫోనునే ఒక గంట ఈ పనికి పెట్టించుట మీ చేతిలో నున్నది.

విద్యార్థులారా! వచ్చు పండుగకు ముందు ఒక్కొక్కరు ఒక పాటకు లూపు సిద్ధపరచి, ఆ పాట చరణములు కనీసము ఐదు కంఠస్థము చేసి రండు. తరగతిలో మొదట లూపుతో పాడింతుము. పిమ్మట దానిని ఆపివేసి, మీ తోటివారే జవాబు చెప్పగా మరల పాడింతుము.

అభ్యాసము

1. నిమిషమునకు 80 చప్పట్లు పడు పాటలో ఆవర్తము 16 చప్పట్లు. లూపు నిడివి ఎన్ని సెకనులు? ఎన్ని కొలతలు?

2. పై పాటలో చప్పట్ల లూపు 12.00 సెకనులు, జవాబు లూపు 11.97 సెకనులుగా కోసిరి. ఎన్ని ఆవర్తములకు జవాబు సరిగా ఒక చప్పటి ముందు పడును?

3. పాట మొదటి ఆవర్తమును లూపునకు ఏల తీసికొనరాదు?

4. మీ యింట పాడు ఒక పాటలో రెండు చరణములకు మాత్రలు లెక్కించి, అది ఏ గతియో నిర్ణయింపుడు.

5. జాకార్డు మగ్గపు అట్టలకును లూపునకును గల పోలికలను, మగ్గపుపని ఎరిగిన పెద్దలనడిగి, పది వాక్యములలో వ్రాయుడు.